పింగాణీ బొమ్మ పుట్టిల్లు

ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ పాత ఇళ్ళు దులిపేటప్పుడు ఒక వస్తువు తరుచు బయట పడుతూ ఉంటుంది. అటక మీది పెట్టెలో, పాతబట్టల మధ్య, మూరెడు పొడుగున్న ఆడపిల్ల బొమ్మ. దాని ముఖం పింగాణీది. చెంపలు లేత గులాబిరంగులో ఉంటాయి. కళ్ళు గాజువి, బొమ్మను పడుకోబెడితే మూసుకుంటాయి, లేవనెత్తితే తెరుచుకుంటాయి. కొద్దిగా తెరిచిన నోట్లో బియ్యపు గింజల్లాంటి నాలుగు పళ్ళు కనిపిస్తాయి. అది ఆ ఇంటి తాతమ్మ చిన్ననాడు ఆడుకున్న బొమ్మ.

బొమ్మ దొరకగానే ఇంటిల్లిపాదికీ రెండు ప్రశ్నలు పుడతాయి. "ఇది ఎక్కడిది?" అనేది ఒకటి. "దీని ఖరీదెంత?" అనేది రెండు. చాలామంది రెండో ప్రశ్నతో మొదలు పెడతారు. కాని మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తేగాని రెండోదానికి జవాబు రాదు.

ఆ మొదటి జవాబు బొమ్మే చెబుతుంది. దాని విగ్గును వెనకవైపు మెల్లగా పైకెత్తి, మెడ పైభాగం చూడాలి. అక్కడ పింగాణీలో నొక్కిన అక్షరాలూ, అంకెలూ ఉంటాయి. కార్డు మీద చిరునామా లాంటివి అవి. మన బొమ్మ మెడ మీద ఇంగ్లీషు లిపిలో ఇలా ఉన్నదనుకోండి:

అర్మాన్ మార్సెయ్
జర్మనీ
390
ఎ 4 ఎమ్

ఈ నాలుగు పంక్తులకూ అర్థం తెలియాలంటే బొమ్మను చంకన పెట్టుకుని దాని పుట్టింటికి పోవాలి. రండి, పోదాం.

జర్మనీ దేశం నడిమధ్యన తురింగియా అనే రాష్ట్రం ఉన్నది. అందులో కొంత భాగం కొండలు, ఆ కొండల నిండా దట్టమైన అడవి. ఆ అడవికి దక్షిణపు అంచున, కొండల మొదట్లో, సోనెబర్గ్ అనే పట్టణం ఉన్నది. జనాభా 20 వేల పైచిలుకు. మన దేశంలో అయితే దాన్ని ఒక చిన్న తాలూకా కేంద్రం అనుకోవచ్చు.

న్యూరెంబర్గ్ నగరంలో రైలెక్కితే కోబర్గ్ మీదుగా సోనెబర్గ్ చేరవచ్చు. దారిలో చివరి పెద్ద స్టేషను నాయిష్టాట్. ఇదీ బొమ్మల ఊరే. నాయిష్టాట్‌కూ సోనెబర్గ్‌కూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. రైలు ఆ దూరాన్ని నిమిషాల్లో దాటిపోతుంది. అయితే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ కొద్ది దూరం ఎవరూ దాటరానిది అయిపోయింది. జర్మనీ రెండు ముక్కలైనప్పుడు నాయిష్టాట్ పశ్చిమాన, సోనెబర్గ్ తూర్పున పడ్డాయి. రైలు పట్టాలు తెగిపోయాయి. 1990లో దేశం మళ్ళీ ఒకటైంది. 1991లో పట్టాలను మళ్ళీ కలిపారు.

సోనెబర్గ్‌లో దిగి చుట్టూ చూడండి. కొండవాలుల మీద ఇళ్ళు, వాటిలో చాలావాటికి పలకరాతి కప్పులు. కొన్ని ఇళ్ళకు గోడలు కూడా పలకరాతి బిళ్ళలతో కప్పి ఉంటాయి. ఇక్కడి కొండల్లో దొరికేది ఆ రాయే. పూర్వం పిల్లలు పలకల మీద రాసుకునే బలపాలకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. సోనెబర్గ్‌కు సమీపంలోనే ఉన్న స్టైనాఖ్ అనే ఊళ్ళో తయారైన బలపాలు దేశదేశాల బడులకు పోయేవి.

ఇలాంటి చోట వ్యవసాయం అంతగా సాగదు. కొండనేల, చలి ఎక్కువ. అందుచేత ఇక్కడివాళ్ళు అడవిలోని కర్రతో చెంచాలూ, పెట్టెలూ, చిన్న చిన్న ఆటబొమ్మలూ చెక్కి అమ్ముకునేవారు. న్యూరెంబర్గ్ నుంచి లైప్‌జిగ్‌కు పోయే వర్తకుల బాట ఈ దారినే ఉండేది. ఆ వర్తకులు బొమ్మలు కొనుక్కుపోయి సంతల్లో అమ్మేవారు.

19వ శతాబ్దం మొదట్లో ఇక్కడికి కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసే విద్య వచ్చింది. కర్రను చెక్కాలంటే ఒక్కొక్క బొమ్మను విడిగా చెక్కాలి. గుజ్జు అలా కాదు. ఒక అచ్చు ఉంటే చాలు, ఒకే పోలికగల తలలు వందలకొద్దీ తీయవచ్చు. రంపపు పొట్టూ, జిగురూ కలిపిన ముద్దతో చేతులూ, కాళ్ళూ చేసేవారు. మన కొండపల్లి వాళ్ళు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి "మక్కు" తయారు చేస్తారే, కొంచెం అలాంటిదే అనుకోండి.

మరి పింగాణీ ఎలా వచ్చింది? ఐరోపా వారికి చాలాకాలం పింగాణీ రహస్యం తెలియదు. చీనా నుంచి తెప్పించుకునేవారు. 1710లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో ఐరోపాలో మొదటి పింగాణీ కర్మాగారం వెలిసింది. అక్కడివాళ్ళు ఆ రహస్యాన్ని ప్రాణప్రదంగా దాచుకున్నారు. అయితే 1760 ప్రాంతంలో తురింగియాలో మాఖెలైడ్ అనే ఆయన తన ప్రయత్నంతో తానే పింగాణీ చేసే మార్గం కనిపెట్టాడు. ఇక్కడి కొండల్లో మట్టి ఉన్నది, అడవిలో కట్టెలు ఉన్నాయి. త్వరలోనే తురింగియాలో అనేక చోట్ల పింగాణీ ఆవాలు లేచాయి. మొదట కప్పులూ, సాసర్లూ చేశారు. 1840 ప్రాంతం నుంచి బొమ్మల తలలు కూడా చేయసాగారు.

ఇప్పుడు పింగాణీ తల ఎలా తయారవుతుందో చూద్దాం. ఇది తెలిస్తే అసలు బొమ్మకూ, నకలు బొమ్మకూ తేడా మీరే కనిపెట్టగలరు.

చీనామట్టి అనే తెల్లని మెత్తటి మట్టి, పలుగురాయి పొడి, ఫెల్స్‌పార్ అనే ఖనిజం పొడి—ఈ మూడింటినీ కలుపుతారు. తొలిరోజుల్లో ఆ ముద్దను చేత్తో అచ్చులో అదిమేవారు. 1890 తరువాత దాన్ని మీగడలా పలచగా కలిపి అచ్చులో పోయటం వాడుకలోకి వచ్చింది. ప్లాస్టర్‌తో చేసిన అచ్చు ఆ మట్టిలోని నీటిని పీల్చుకుంటుంది. గోడలు తగినంత మందం కట్టగానే మిగిలిన మట్టిని ఒంపేస్తారు. అందుచేతనే అదిమి చేసిన తలకు లోపలి వైపు ఎగుడు దిగుడుగా ఉంటుంది, పోసి చేసిన తలకు లోపల నున్నగా ఉంటుంది. విగ్గు తీసి తల లోపల చూస్తే బొమ్మ వయస్సు కొంత తెలిసిపోతుందన్న మాట.

అచ్చులోంచి తీసిన తలకు కళ్ళ రంధ్రాలు కోసి, 1200 డిగ్రీలకు పైగా వేడిగల ఆవంలో కాలుస్తారు. తరువాత చెంపలకూ, పెదవులకూ, కనుబొమలకూ రంగులు వేసి, ఈసారి తక్కువ వేడిలో మళ్ళీ కాలుస్తారు. రంగు పింగాణీలో కలిసిపోతుంది. అందుకే నూరేళ్ళు గడిచినా ఆ బుగ్గల ఎరుపు తడిగుడ్డతో తుడిచినా పోదు.

పైన అద్దంలాంటి మెరుగుపూత పూస్తే అది మామూలు పింగాణీ తల. మన కాఫీ కప్పులా మెరుస్తుంది. పూత పూయకుండా వదిలేస్తే మనిషి చర్మంలా మెరుపు లేకుండా ఉంటుంది. దాన్ని బిస్క్ అంటారు. 1860 తరువాత క్రమంగా ఈ బిస్క్ తలలకే గిరాకీ పెరిగింది. మన చంకనున్న బొమ్మది బిస్క్ తలే.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. మట్టి కాలితే కుదించుకుపోతుంది. పింగాణీ తల కాలేసరికి రమారమి ఆరింట ఒక వంతు చిన్నదైపోతుంది. ఇప్పుడు ఆలోచించండి: ఎవరైనా పాతబొమ్మ తల నుంచి అచ్చు తీసి, దానితో కొత్త తల చేస్తే ఏమవుతుంది? ఆ కొత్త తల కాలి, అసలు తల కన్న చిన్నదవుతుంది! అందుకే అనుభవజ్ఞులు వెనక ఉన్న అంకె చదివి ఊరుకోరు. టేపు పెట్టి తల చుట్టుకొలత కూడా చూస్తారు. ఉండవలసిన కొలత కన్న తక్కువ ఉంటే అనుమానించవలసిందే.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. బంకమన్నుతో సరిగ్గా పది సెంటీమీటర్ల పట్టీ చేసి నీడలో ఆరబెట్టండి. ఆరిన తరువాత కొలవండి. కాల్చక ముందే ఎంత తగ్గిందో చూసి ఆశ్చర్యపోతారు.

ఇక మన నాలుగు పంక్తులు చదువుదాం.

మొదటి పంక్తి అర్మాన్ మార్సెయ్. ఇది ఒక మనిషి పేరు. ఆయన 1856లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. 1884లో సోనెబర్గ్‌లో ఒక బొమ్మల కార్ఖానా కొన్నాడు. మరుసటి సంవత్సరం పక్కనే ఉన్న కోపెల్స్‌డోర్ఫ్‌లో ఒక పింగాణీ కర్మాగారం కొన్నాడు. 1890 ప్రాంతం నుంచి అక్కడ బిస్క్ తలలు చేయించాడు. ఆ కోపెల్స్‌డోర్ఫ్ ఇప్పుడు సోనెబర్గ్ పట్టణంలో భాగమే. అంటే మన బొమ్మ తన ఊరు చేరుకున్నదన్న మాట.

రెండో పంక్తి జర్మనీ. ఇది దేశం పేరేగదా, ఇందులో విశేషమేమున్నది అంటారేమో. జర్మన్లు తమ దేశాన్ని "డాయిష్‌లాండ్" అంటారు. మరి తమ బొమ్మ మీద ఇంగ్లీషు పేరెందుకు వేశారు? అమెరికా ప్రభుత్వం 1890లో ఒక చట్టం చేసింది. పరదేశాల నుంచి వచ్చే వస్తువుల మీద ఆ దేశం పేరు ఇంగ్లీషులో ఉండి తీరాలన్నది. అది 1891 నుంచి అమలులోకి వచ్చింది. అందుచేత ఈ మాట ఉన్న బొమ్మ చాలావరకు 1891 తరువాతిదే అయి ఉంటుంది. అయితే ఈ మాట లేనంత మాత్రాన బొమ్మ అంతకన్న పాతదని చెప్పటానికి వీల్లేదు. వేరే దేశాలకు పంపిన బొమ్మల మీద వేయకపోయి ఉండవచ్చు.

మూడో పంక్తి 390. ఇది అచ్చు నంబరు. ఈ సంగతి తెలియనివాళ్ళు అంకెలను సంవత్సరం అనుకుంటారు. సైమన్ అండ్ హాల్బిగ్ అనే మరొక ప్రసిద్ధ సంస్థ తలల మీద 1079 అని ఉంటుంది. అది సంవత్సరమైతే ఆ బొమ్మ మన రాజరాజ నరేంద్రుడి కాలం దాటగానే తయారై ఉండాలి! మార్సెయ్ చేసిన కొన్ని తలల మీద 1894 అని ఉంటుంది. అది చూసి సంవత్సరమని పొరపడటం మరీ సులువు. అదీ అచ్చు నంబరే.

నాలుగో పంక్తిలో "ఎ", "ఎమ్" యజమాని పేరులోని మొదటి అక్షరాలు. మధ్యనున్న 4 తల పరిమాణం. చెప్పుల జతకు నంబరు ఉన్నట్టే తలకూ ఒక నంబరు ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ తల పెద్దది.

చూశారా, ఏమీ తెలియని బొమ్మ గురించి మనకు ఎంత తెలిసిపోయిందో! చేసినవాడెవరు, ఏ ఊళ్ళో, సుమారు ఎప్పుడు, ఏ అచ్చులో అన్నీ తెలిశాయి. 390 అచ్చు 1900 ప్రాంతం నుంచి కొన్ని దశాబ్దాలపాటు వాడుకలో ఉన్నది.

సోనెబర్గ్ ఒక్కటే బొమ్మల పుట్టిల్లు కాదు. అడవి దాటి ఉత్తరపు వైపుకు పోతే వాల్టర్స్‌హౌజెన్ అనే పట్టణం వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ కెస్ట్నర్ అనే ఆయన బొమ్మల పరిశ్రమ నెలకొల్పాడు. 1886లో అదే ఊళ్ళో కామర్ అండ్ రైన్‌హార్ట్ సంస్థ పుట్టింది. ఆ సంస్థ గుర్తు "కె", "ఆర్" అక్షరాల మధ్య ఆరు కోణాల నక్షత్రం. వాళ్ళు తలలు తామే చేసేవారు కాదు. దగ్గరనే గ్రేఫెన్‌హైన్‌లో 1869లో మొదలైన సైమన్ అండ్ హాల్బిగ్ కర్మాగారంలో చేయించేవారు. అందుకని ఒకే తల మీద రెండు సంస్థల పేర్లూ కనబడవచ్చు. గాజు కళ్ళు మరొక ఊరివి. సోనెబర్గ్‌కు ఉత్తరాన కొండల్లో లౌషా అనే ఊరు ఉన్నది. అక్కడ 1597 నుంచి గాజు పరిశ్రమ ఉన్నది. బొమ్మలకు కళ్ళు చేసిన ఆ చేతులే తరువాత కన్ను పోయిన మనుషులకు గాజు కళ్ళు చేశాయి. 1835లో లౌషాలో ముల్లర్ ఊరీ అనే ఆయన మనిషికి అమర్చే గాజు కన్ను చేశాడు.

ఇప్పటికి తల సంగతి, కళ్ళ సంగతి తెలిసింది. మరి ఒళ్ళు, చేతులు, కాళ్ళు, గౌను, టోపీ, జోళ్ళు? అవి ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు మెడ మీద జవాబు లేదు.

ఆ పని చాలావరకు చుట్టుపక్కల గ్రామాల్లోని ఇళ్ళలో జరిగేది. ఒక ఇంటివాళ్ళు చేతులు మాత్రమే చేసేవారు. ఇంకొక ఇంటివాళ్ళు కాళ్ళు చేసేవారు. మరొక ఇంట్లో మేకతోలు సంచీలు కుట్టి వాటిలో రంపపు పొట్టు కూరేవారు. ఇంకొక ఇంట్లో గౌనులు కుట్టేవారు. వంట, నిద్ర, పని అన్నీ ఒకే గదిలో. పొయ్యి చుట్టూ వరసగా తడి చేతులూ, తడి కాళ్ళూ ఆరుతూ ఉండేవి. వారం చివర స్త్రీలు తమ కన్న ఎత్తైన బుట్టలను వీపులకు కట్టుకుని, కొండదారుల వెంట నడిచి, సోనెబర్గ్‌లోని వర్తకులకు సరుకు అప్పగించి వచ్చేవారు. వర్తకుడు ఎంత ఇస్తే అంత. కూలి చాలా తక్కువ.

తక్కువ కూలితో ఇల్లు గడవాలంటే ఇంట్లో ఉన్న చేతులన్నీ పని చేయాలి. అందుచేత పిల్లలు కూడా పని చేసేవారు. బడి వదిలి ఇంటికి రాగానే పలక పక్కన పెట్టి, బొమ్మల కాళ్ళకు రంగు వేసేవారు. చిన్న వేళ్ళతో చిన్న గుండీలు కుట్టేవారు. క్రిస్‌మస్ పండగకు పరదేశాల పిల్లలకు బొమ్మలు అందాలి గనక, దానికి ముందు నెలల్లో రాత్రి చాలాసేపటి దాకా దీపం ముందు కూచోవలసి వచ్చేది. 1903లో జర్మనీ ప్రభుత్వం బాలల పనిని అదుపు చేస్తూ ఒక చట్టం చేసింది. ఇళ్ళలో సొంత పిల్లల చేత చేయించే పనికి కూడా అది వర్తించింది. అయితే ఇంటి తలుపు వెనక జరిగేది కనిపెట్టటం ఏ అధికారికైనా కష్టమే.

లండన్‌లోనో, న్యూయార్కులోనో ఒక పిల్ల ఆ బొమ్మను గుండెకు హత్తుకుని నిద్రపోయింది. దానికి గౌను కుట్టిన పిల్ల కూడా ఇంచుమించు ఆ ఈడుదే. కాని అలాంటి బొమ్మ కొనే స్తోమత ఆమె ఇంటికి లేదు. ఒకరికి ఆట అయినది మరొకరికి పని అయింది. పాతబొమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ ఇద్దరు పిల్లలనూ తలుచుకోవాలి. మనకు తెలిసేది సాధారణంగా ఒకరి పేరే.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచపు బజారులో అమ్ముడయ్యే ఆటవస్తువుల్లో ఐదింట ఒక వంతు సోనెబర్గ్ ప్రాంతానిదేనని చెబుతారు. ఈ చిన్న ఊళ్ళో అమెరికా వారి కాన్సలేట్ కూడా ఉండేది! అమెరికా వర్తక సంస్థలు ఇక్కడ గిడ్డంగులు కట్టుకున్నాయి. 1914లో యుద్ధం రాగానే ఓడలు ఆగిపోయాయి. జర్మనీ బొమ్మలు రాకపోయేసరికి అమెరికాకు జపాను బొమ్మలు వచ్చాయి. వాటి మీద "నిప్పన్" అనే పేరు ఉంటుంది. 1921 నుంచి అమెరికా వారు ఆ మాట ఒప్పక "జపాన్" అని వేయించారు. చూశారా, ఒక్క మాటతో బొమ్మ వయస్సు ఎలా తెలుస్తుందో! తరువాత సెల్యులాయిడ్, ఆ తరువాత ప్లాస్టిక్ వచ్చి పింగాణీ తలల కాలం ముగిసింది.

ఈ కథంతా కళ్ళారా చూడాలంటే సోనెబర్గ్‌లో ఉన్న జర్మన్ ఆటబొమ్మల మ్యూజియానికి పోవాలి. 1901లో దీన్ని స్థాపించినది రాజూ కాదు, కోటీశ్వరుడూ కాదు. పౌల్ కున్ట్సె అనే ఉపాధ్యాయుడు. ఆటబొమ్మల కోసమే వెలసిన మ్యూజియాలలో జర్మనీలో ఇదే అన్నిటికన్న పాతది. 1910లో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు సోనెబర్గ్ వాళ్ళు ఒక తురింగియా తిరునాళ్ళను నిలువెత్తు బొమ్మలతో తయారు చేసి పంపారు. అది ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉన్నది.

ఇక రెండో ప్రశ్న: ఖరీదెంత?

"నూరేళ్ళ నాటిది గనక లక్షలు పలుకుతుంది" అని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. వయస్సు ఒక్కటే ధర తేదు. మన 390 అచ్చు బొమ్మలు లెక్కలేనన్ని తయారయ్యాయి, చాలా ఇళ్ళలో భద్రంగా ఉన్నాయి. అందుచేత తరుచు అలాంటి దానికి నూరు, రెండు నూర్ల డాలర్లకు మించి రావు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ చూడండి. 1909లో కామర్ అండ్ రైన్‌హార్ట్ వారు ఒక కొత్త ప్రయోగం చేశారు. అందమైన ఒకే మూస ముఖాలు మాని, నిజం పిల్లల్లా మూతి ముడుచుకున్న ముఖాలూ, ఆలోచిస్తున్న ముఖాలూ చేశారు. కొన్న పిల్లలు చాలామందికి అవి నచ్చలేదు. పాత చక్కనమ్మలే కావాలన్నారు. అందుచేత కొన్ని అచ్చుల బొమ్మలు కొద్దిగానే తయారయ్యాయి. ఆనాడు అమ్ముడుపోనివే ఈనాడు అపురూపమయ్యాయి! ఆ వరసలో 108 నంబరు అచ్చు బొమ్మ ఒకటి 2014 సెప్టెంబరులో లండన్‌లో బాన్‌హామ్స్ వారి వేలంలో 2,42,500 పౌన్లకు పోయింది. ఆనాటి మారకం ప్రకారం రమారమి 2 కోట్ల 40 లక్షల రూపాయలు.

అచ్చు తరువాత చూడవలసినది బొమ్మ స్థితి. విగ్గు కింద తల పైభాగం తెరిచి ఉంటుంది. బెండుతోనో అట్టతోనో చేసిన మూత ఉంటుంది. ఆ మూత తీసి, చీకటి గదిలో తల లోపల చిన్న టార్చిలైటు వెలిగిస్తే, వెంట్రుకలాంటి బీట ఉన్నా నల్లని గీతలా కనిపిస్తుంది. అలాంటి బీట ఒక్కటి ఉంటే ధర బాగా పడిపోతుంది. అతికి పైన రంగు వేసి ఉంటే అతినీలలోహిత దీపం కింద ఆ చోటు వేరే రంగులో కనిపిస్తుంది. ఒళ్ళు తలకు సంబంధించినదేనా, మార్చినదా? కళ్ళు అసలువేనా? గౌను పాతదేనా? ఇవన్నీ చూస్తారు.

ఇందులో మీరు గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. మురికిగా ఉన్నదని గౌను ఉతకరాదు. పాత గుడ్డ నీళ్ళలో చీలిపోతుంది. పాత విగ్గు తీసి కొత్తది పెట్టరాదు. ముఖానికి రంగు వేయరాదు. రబ్బరు తాడు సడలి కాళ్ళు ఊడితే జాగ్రత్తగా గుడ్డలో చుట్టి పక్కన ఉంచాలి. ముఖం కింది వైపుకు ఉండేలా పడుకోబెట్టాలి. కళ్ళు తిప్పటానికి లోపల ఒక సీసపు గుండు వేలాడుతూ ఉంటుంది, అది వెనక్కు పడి తలకు తగలకుండా ఉంటుంది. అమ్మదలుచుకుంటే మొదట వచ్చినవాడికి ఇచ్చెయ్యక, అదే నంబరు బొమ్మ వేలాల్లో నిజంగా ఎంతకు పోయిందో తెలుసుకోవాలి. దుకాణాల వాళ్ళు అడిగే ధర వేరు, కొన్నవాళ్ళు ఇచ్చిన ధర వేరు.

చివరికి మరొక పని ఉన్నది. అది బొమ్మను అమ్మినా, అమ్మకపోయినా చేయవలసినది. ఒక చిన్న కాగితం తీసుకుని ఇవి రాయాలి: ఈ బొమ్మ ఎవరిది? ఆమెకు ఎవరిచ్చారు? ఏ సంవత్సరంలో? ఏ ఊళ్ళో? బొమ్మకు ఆమె పెట్టుకున్న పేరేమిటి? ఆమె దానితో తీయించుకున్న ఫొటో ఉంటే దాన్ని కూడా జత చెయ్యాలి. అచ్చు నంబరు వేల బొమ్మల మీద ఒకటే. కాని ఈ కాగితం ఉన్న బొమ్మ ఒక్కటే. వేలాల్లో కూడా ఇలాంటి కాగితానికి మర్యాద ఉన్నది. మార్సెయ్ కర్మాగారం ఆమె పేరు మెడ మీద వేయలేదు. ఇంటివాళ్ళు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

మీ ఇంట్లో పింగాణీ బొమ్మ లేకపోవచ్చు. కాని బొమ్మల కొలువు పెట్టెలో నాన్నమ్మ తెచ్చుకున్న కొండపల్లి బొమ్మో, ఏటికొప్పాక లక్కపిడతో ఉండే ఉంటుంది. దాని అడుగున ఏ నంబరూ ఉండదు, చేసిన చేతి పేరు అసలే ఉండదు. దాని సంగతులు తెలిసినది నాన్నమ్మ ఒక్కతే. ఈ ఆదివారం నాడు కాగితమూ, కలమూ తీసుకుని ఆమె దగ్గర కూచోండి. పైన చెప్పిన ఐదు ప్రశ్నలూ వరసగా అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్టు రాసి, తేదీ వేసి, బొమ్మ పక్కన ఉంచండి.